చిరుతతో చెలగాటం!

ఆడవాళ్ళు సెంటు ఎందుకు పూసుకుంటారు? పెళ్ళికో, పేరంటానికో, సినిమాకో బయల్దేరేటప్పుడు పూసుకుంటారు. కానీ హాలీవుడ్ నటీమణి కాథరిన్ హెప్‌బర్న్ 1937లో సెట్లోకి అడుగు పెట్టేముందు ఘాటైన సెంటు ఒళ్ళంతా దట్టించుకునేది. హీరో కోసం కాదు సుమా! డైరెక్టరు కోసం అంతకన్నా కాదు. ఒక చిరుతపులి కోసం!

ఆ వాసన తగిలితే చిరుత మెత్తబడి పిల్లిపిల్లలా అయిపోతుందని ఆమె నమ్మకం. సెంటు ఒక్కటే కాదు, కాలు జారకుండా జోళ్ళ అడుగున గుగ్గిలం కూడా రాసుకునేది. చిరుత ముందు కాలు జారిందంటే ఇక అంతే సంగతులు. కింద పడ్డ మనిషి దాని కంటికి మనిషిలా కనబడదు. వేటలా కనబడుతుంది.

ఇంత తంటా దేనికయ్యా అంటే... మనల్ని నవ్వించడానికి!

ఆ చిత్రం పేరు ‘బ్రింగింగ్ అప్ బేబీ’. అంటే ‘పాపను పెంచడం’ అన్నమాట. పేరు విని ఇదేదో ఊయలా, పాలసీసా, జోలపాట బాపతు సినిమా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఈ చిత్రంలో ‘బేబీ’ అంటే ఆ చిరుతపులే. దాని చుట్టూ తిరిగే మనుషులు కాథరిన్ హెప్‌బర్న్, కారీ గ్రాంట్. వీళ్ళందర్నీ ఆడించినవాడు దర్శకుడు హోవార్డ్ హాక్స్. ఈయన ఎవరా అని ఆలోచిస్తున్నారా? ఆఫ్రికా అడవుల్లో జాన్ వేన్ జీపు మీద ఖడ్గమృగాల్ని తరుముతాడే, ఆ ‘హటారీ’ (1962) తీసింది ఈయనే. ఏనుగుపిల్లలు నీళ్ళకు నడిచి వెళ్తుంటే వచ్చే ఆ గమ్మత్తయిన బాణీ ఎందరికో గుర్తుండే ఉంటుంది. జంతువులంటే హాక్స్‌కి మొదటినుంచీ మోజే. 1952లో ‘మంకీ బిజినెస్’ తీసినప్పుడు ఇదే కారీ గ్రాంట్‌నీ, మారిలిన్ మన్రోనీ పెట్టి, కథను మలుపు తిప్పే పని మాత్రం ఒక చింపాంజీకి అప్పగించాడు!

కథ కాదు, కలగాపులగం

ఇంతకీ కథేమిటంటే...

డేవిడ్ హక్స్లీ అనే ప్రొఫెసరు గారు ఒక మ్యూజియంలో పనిచేస్తుంటారు. కోట్ల ఏళ్ళ కిందట చచ్చిపోయిన బ్రాంటోసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరాన్ని నాలుగేళ్ళుగా ఎముకా ఎముకా కూర్చి నిలబెడుతున్నారు. ఇక ఒక్కటంటే ఒక్క ఎముక తక్కువ. అదీ దొరికిందని తంతి వస్తుంది. మర్నాడే ఆయనగారి పెళ్ళి. పెళ్ళికూతురు మిస్ స్వాలో కూడా మ్యూజియంలోనే పని. మహా క్రమశిక్షణ గల మనిషి. పెళ్ళయ్యాక షికార్లూ వద్దు, పిల్లలూ వద్దు, ఈ అస్థిపంజరమే మన సంతానం అంటుంది. ఇలాంటి పిల్లతో ప్రొఫెసరు గారి కాపురం ఎలా ఉండబోతుందో మీకు అప్పుడే అర్థమైపోతుంది. ఆయనకు మాత్రం అర్థం కాదు!

మ్యూజియానికి పది లక్షల డాలర్లు విరాళం ఇస్తానంటున్న ఓ ధనవంతురాలి లాయర్ని మంచి చేసుకోవడానికి డేవిడ్ గోల్ఫ్ ఆడటానికి వెళ్తాడు. అక్కడ సూసన్ అనే అమ్మాయి వచ్చి ఆయన బంతిని తనదనుకుని కొట్టేస్తుంది. ‘అది నాదండీ’ అని మొత్తుకుంటుంటే వినిపించుకోకుండా ఆయన కారెక్కి, అదీ తనదే అనుకుని తోలుకుపోతుంది. అంతే! అక్కణ్ణుంచి ఆ మనిషికి మనశ్శాంతి లేదు.

ఆ రాత్రి హోటల్లో మళ్ళీ ఎదురుపడతారు. ఆమె వల్ల ఈయన కోటు చిరుగుతుంది. ఈయన కాలి కింద పడి ఆమె గౌను వెనకభాగం ఊడి వస్తుంది. ఆమెకు ఆ సంగతి తెలియదు, విసవిసా నడిచిపోతోంది. ఈయన పరువు కాపాడదామని టోపీ అడ్డం పెడతాడు, చాలదు. చివరికి ఆమె వీపుకి తన ఛాతీ ఆనించి, ఆమె కుడికాలు వేస్తే తనూ కుడికాలు, ఎడమకాలు వేస్తే ఎడమకాలు వేస్తూ ఇద్దరూ ఒకే శాల్తీలా హాలు దాటి బయటికి నడుస్తారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ ఘట్టానికి నవ్వనివాడుంటే, వాణ్ణి మ్యూజియంలో ఆ రాక్షసబల్లి పక్కన నిలబెట్టాలి.

ఇక చిరుత సంగతి. సూసన్ అన్నయ్య బ్రెజిల్ నుంచి చెల్లెలికి బేబీని పంపిస్తాడు. బేబీకి కుక్కలంటే ఇష్టం. ఓ పాత ప్రేమపాట అంటే ఇంకా ఇష్టం. ఆ పాట పాడితే ఎక్కడున్నా వచ్చి పడుకుంటుంది. దీన్ని పల్లెటూళ్ళో ఉన్న పిన్నిగారి ఇంటికి చేర్చాలి. తోడుగా డేవిడ్ రావాలి. ఆయన రానంటాడు. సూసన్ ఫోన్లో మాట్లాడుతూ కాలు తట్టుకుని పడి, ఆ చప్పుడునే ఆసరా చేసుకుని చిరుత మీద పడ్డట్టు కేకలు పెడుతుంది. పాపం మంచివాడు, ఎముక ఉన్న పెట్టె చంకన పెట్టుకుని పరుగెత్తుకొస్తాడు. ఇక వదుల్తుందా?

దారిలో బేబీ కోసం 30 పౌన్ల మాంసం కొనడం, పిన్నిగారి ఇంట్లో డేవిడ్ స్నానం చేస్తుండగా సూసన్ ఆయన బట్టలు మాయం చెయ్యడం, గత్యంతరం లేక ఆయన ఈకల అంచుల ఆడగౌను తొడుక్కుని పిన్నిగారి ముందు నిలబడటం... అన్నీ ఇక్కడ చెప్పేస్తే మీరు చూసినప్పుడు మజా ఉండదు. ఒక్కటి మాత్రం చెప్పక తప్పదు. పది లక్షలిచ్చే ధనవంతురాలు ఎవరో కాదు, ఆ పిన్నిగారే!

సరిగ్గా ఇక్కడే ఇంకో పాత్ర ప్రవేశిస్తుంది. పిన్నిగారి కుక్క జార్జి. నాలుగేళ్ళ శ్రమకు ఫలితమైన ఆ ఒక్కగానొక్క ఎముకను పెట్టెలోంచి తీసుకుపోయి తోటలో ఎక్కడో పాతిపెడుతుంది. తోట ఎంతో తెలుసా? 26 ఎకరాలు! ఇది చాలదన్నట్టు బేబీ తప్పించుకుంటుంది. అదే రాత్రి, మనిషి మీద పడిందని ఒక సర్కస్ చిరుతను చంపడానికి బండిలో తీసుకుపోతుంటే, అది మన బేబీయే అనుకుని సూసన్ దాన్ని వదిలేస్తుంది. ఇప్పుడు అడవిలో రెండు చిరుతలు. ఒకటి పాటకు పడుకునేది, రెండోది పీక కొరికేది. ఏది ఏదో ఎవరికీ తెలియదు!

నిస్సా దొరసాని

తెర మీద చిరుతలు రెండు. సెట్లో ఒక్కటే! సాధువైన బేబీ వేషమూ, క్రూరమైన సర్కస్ చిరుత వేషమూ రెండూ వేసింది నిస్సా అనే చిరుత. మన భాషలో చెప్పాలంటే ద్విపాత్రాభినయం. దాని వయసు అప్పటికి ఎనిమిదేళ్ళు. శిక్షకురాలు ఓల్గా సెలెస్ట్. స్వీడన్‌లో పుట్టి అమెరికా వచ్చి, చిరుతలతో స్టేజీ ప్రదర్శనలు ఇచ్చి పేరు తెచ్చుకున్న మనిషి. కెమెరాకి కనబడకుండా కొరడా పట్టుకుని ఆవిడ ఎప్పుడూ పక్కనే ఉండేది.

హెప్‌బర్న్‌కి మొదట్లో భయం లేదు. నిస్సా పక్కన నడిచింది, దాన్ని నిమిరింది, ఫోన్లో మాట్లాడుతూ గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే అది ఆమె గౌను అంచుల వెంట తిరిగింది. ఆ దృశ్యం చూస్తే మీకే తెలుస్తుంది, అందులో డూపూ లేదు, ట్రిక్కూ లేదు. ఆమె, చిరుత, మధ్యలో ఒక టెలిఫోను.

ఒకరోజు మాత్రం కొంపమునిగేదే. ఆ రోజు ఆమె వేసుకున్న గౌను కుచ్చిళ్ళు చక్కగా ఊగాలని అంచుల్లో చిన్న చిన్న లోహపు బరువులు కుట్టారు. షాటులో హెప్‌బర్న్ గిర్రున వెనుదిరిగింది. కుచ్చిళ్ళు విసురుగా లేచి తిరిగాయి. పిల్లి ముందు దారపు ఉండ ఆడించి చూడండి, ఏం చేస్తుందో! నిస్సా ఒక్క ఉదుటున ఆమె వీపు మీదికి లంఘించింది. ఓల్గా కొరడా రెప్పపాటులో దాని నెత్తిన పడింది. చిరుత ఆగింది. అర సెకను ఆలస్యమైతే కాథరిన్ హెప్‌బర్న్ అనే నటి చరిత్ర 1937తో సరి. ఆ రోజుతో చిరుతతో తన చనువుకు తెరపడిందని ఆమె 1991లో అచ్చయిన ఆత్మకథలో రాసుకుంది. నిస్సాని సెట్లో స్వేచ్ఛగా తిరగనివ్వడం అప్పటితో సరి.

మరి హీరోగారి సంగతి? కారీ గ్రాంట్‌కి చిరుత పేరు చెబితేనే ముచ్చెమటలు! ఈయనేం పిరికివాడు కాదు. ఇంగ్లాండులోని బ్రిస్టల్లో పుట్టి, కుర్రతనంలోనే గారడీ బృందంలో చేరి, కట్టెకాళ్ళ మీద నడిచి, పల్టీలు కొట్టి వచ్చినవాడు. అసలు పేరు ఆర్చిబాల్డ్ లీచ్. అయినా చిరుత దగ్గరికి మాత్రం రానన్నాడు. అది వచ్చి కాలికి ఒళ్ళు రాసుకునే షాట్లలో డూపునే పెట్టారు. ఇది చూసి హెప్‌బర్న్‌కి అల్లరి బుద్ధి పుట్టింది. ఒకరోజు గ్రాంట్ డ్రెస్సింగ్ రూములో ఉండగా పైనున్న గాలి కిటికీలోంచి బొమ్మ చిరుతను లోపలికి జారవిడిచింది. ఆయన మెరుపులా బయటపడ్డాడట!

కొరడా దెబ్బ సంగతి అయ్యాక కూడా సినిమా పూర్తి కావాలి కదా. చిరుతా మనుషులూ కలిసి కనబడే షాట్లు ఎలా తీశారు? ఇక్కడే లిన్‌వుడ్ డన్ అనే ట్రిక్ ఫోటోగ్రఫీ నిపుణుడు ఆదుకున్నాడు. తెరను రెండు భాగాలు చేసి, ఒక సగంలో నటుల్ని, ఇంకో సగంలో చిరుతని వేరువేరుగా తీసి లాబ్‌లో అతికించాడు. మన ‘రాముడు-భీముడు’ (1964)లో ఇద్దరు రామారావులు పక్కపక్కన నిలబడ్డారే, ఆ కిటుకే. కాకపోతే ఇక్కడ పక్కన నిలబడాల్సింది చిరుత! మరికొన్ని చోట్ల ముందుగా తీసిన చిరుత బొమ్మను వెనక తెర మీద వేసి, దాని ముందు నటుల్ని నిలబెట్టి తీశారు. చివర్లో సూసన్ క్రూరమైన చిరుతకు తాడు కట్టి ‘రావే మొండిదానా’ అన్నట్టు జైల్లోకి ఈడ్చుకొస్తుంది. తను లాగుతున్నది బేబీని కాదని ఆమెకు తెలియదు. ఆ ఈడ్చుడంతా అతికింపు పనే. మొదటిసారి చూసేవాడు ఆ సంగతి పట్టుకోలేడు. కడుపు పట్టుకుని నవ్వుతుంటాడు గనక!

జార్జి గారి జీతం

జార్జి వేషం వేసిన కుక్క మాత్రం అప్పటికే పెద్ద స్టారు!

దాని పేరు స్కిప్పీ. ఉంగరాల బొచ్చున్న వైర్ ఫాక్స్ టెర్రియర్. 1934లో వచ్చిన ‘ది థిన్ మాన్’ అనే డిటెక్టివ్ హాస్యచిత్రంలో ఆస్టా అనే కుక్కగా నటించి అమెరికా దేశాన్నంతా బుట్టలో వేసుకుంది. అసలు నవలలో ఆస్టా వేరే జాతి కుక్క. స్కిప్పీ వేసిన వేషం జనానికి ఎంత నచ్చిందంటే, దేశమంతటా ఈ జాతి కుక్కలకే గిరాకీ లేచింది. తర్వాత 1937లో కారీ గ్రాంట్ నటించిన ‘ది ఆఫుల్ ట్రూత్’లో మిస్టర్ స్మిత్ అనే కుక్క వేషం. విడాకులు తీసుకుంటున్న మొగుడూ పెళ్ళాలు కుక్క నాదంటే నాదని కోర్టుకెక్కుతారు అందులో. కాబట్టి ‘బ్రింగింగ్ అప్ బేబీ’కి వచ్చేసరికి గ్రాంటూ స్కిప్పీ పాత కాపులే.

స్కిప్పీకి వారానికి 200 డాలర్లు జీతమని ఆనాటి పత్రికలు రాశాయి. ఆర్థిక మాంద్యంతో జనం రొట్టెముక్క కోసం క్యూల్లో నిలబడ్డ దశాబ్దం అది. ఆ రోజుల్లో ఆ సంపాదన ఎంతమంది మనుషులకు ఉండి ఉంటుంది! మరి ఆ డబ్బు స్కిప్పీకి దేనికి? దానికి కావలసిందల్లా నొక్కితే కిచకిచమనే రబ్బరు ఎలుక. షాటు సరిగా చేస్తే ఆ ఎలుకతో కాసేపు ఆడుకోనిస్తారు. అదే దానికి ఆస్కారు!

తోటి నటులు దాన్ని ముద్దు చెయ్యకూడదని, షాట్ల మధ్య పలకరించకూడదని గట్టి కట్టడి ఉండేది. చనువు పెరిగితే శిక్షకుడి సైగ మీద దాని ధ్యాస ఉండదు కదా! ‘థిన్ మాన్’ నాయిక మిర్నా లోయ్ తన ఆత్మకథలో ఈ సంగతి చెబుతూ, అది ఒకసారి తనను కరిచిందని కూడా రాసింది. తెర మీద ఒళ్ళో కూర్చున్న కుక్క, తెర వెనక కరిచిన కుక్క ఒకటే! దాన్ని తీర్చిదిద్దినవాళ్ళలో హెన్రీ ఈస్ట్, గేల్ ఈస్ట్ దంపతులున్నారు. దానితో పనిచేసిన మరో శిక్షకుడు రడ్ వెదర్‌వాక్స్ తర్వాత రోజుల్లో ‘లాసీ’ని లోకానికి ఇచ్చాడు.

నన్నడిగితే ఈ చిత్రంలో అసలు విలన్ చిరుత కాదు, జార్జే. అది ఎముక ఎక్కడ పెట్టిందో చెప్పదు. ప్రొఫెసరు గారు భోజనాల బల్ల దగ్గర ముద్ద మింగకుండా దాని వంకే చూస్తుంటాడు. అది లేస్తే తనూ లేస్తాడు, అది తోటలోకి వెళ్తే తనూ వెళ్తాడు. ఇంగ్లీషు చదువు చదివిన ఒక పెద్దమనిషి కుక్క వెనకాల గుంటలు తవ్వుతూ తిరగడం కన్నా హాస్యం ఇంకేం కావాలి?

నవ్వకుండా నవ్వించాలి

ఒక విచిత్రం చెప్పాలి. హెప్‌బర్న్ అప్పటికే ఆస్కార్ అందుకున్న నటి. 1933 నాటి ‘మార్నింగ్ గ్లోరీ’కి వచ్చింది. కన్నీళ్ళ ఘట్టమివ్వండి, కరిగించేస్తుంది. కానీ ఈ తరహా అల్లరి హాస్యం ఆమెకు చేతకాలేదు! తను చేస్తున్నది హాస్యమని ఆమెకు తెలుసు. ఆ తెలియడమే ముంచింది. డైలాగు చెబుతూ తనే ముందు నవ్వేది. హాక్స్ ఎంత చెప్పినా లాభం లేకపోయింది.

చివరికి ఆయన వాల్టర్ కాట్‌లెట్ అనే స్టేజీ హాస్యనటుణ్ణి పిలిపించాడు. బ్రాడ్వేలో జీగ్‌ఫెల్డ్ ప్రదర్శనల్లో ఆరితేరినవాడు. కాట్‌లెట్ హెప్‌బర్న్ డైలాగుల్నే కారీ గ్రాంట్ ఎదుట చెప్పి చూపించాడు. ముఖంలో నవ్వు నీడైనా లేదు. ప్రపంచంలో ఇంతకన్నా గంభీరమైన విషయం లేదన్నట్టు చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. హెప్‌బర్న్‌కి కిటుకు దొరికింది! నటుడు నవ్వితే ప్రేక్షకుడు నవ్వడు. రేలంగి గారు, రమణారెడ్డి గారు ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసినవాళ్ళు అనుకోండి. కాట్‌లెట్‌ని ఇక పంపొద్దని, సినిమాలోనే ఉంచాలని హెప్‌బర్న్ పట్టుబట్టింది. అలా ఆయన ఊరి కానిస్టేబుల్ స్లోకమ్ వేషం కట్టాడు. జైలు దృశ్యంలో చిత్రాన్ని ఎగరేసుకుపోయింది ఆయనే.

గ్రాంట్‌కి ఇంకో రకం ఇబ్బంది. సూటూబూటూ వేసుకుని ఆడపిల్లల గుండెల్లో గుబులు పుట్టించే అందగాడు. అమాయకపు ప్రొఫెసరుగా ఎలా చెయ్యాలో తోచలేదు. హాక్స్ ఒక్కమాట చెప్పాడు: మూకీ హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్‌ని తలుచుకో. అంతే, గుండ్రటి కళ్ళజోడు వచ్చింది, దానితోపాటు ఆ తడబాటూ వచ్చింది.

వీళ్ళిద్దరికీ కిటుకు తెలిశాక కొత్త చిక్కొచ్చిపడింది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వు ఆపుకోలేక షాట్లు పాడుచేసేవాళ్ళు! 1937 సెప్టెంబరు 23న మొదలైన షూటింగు 51 రోజుల్లో ముగియాల్సింది. 1938 జనవరి 6 దాకా సాగింది. ఏడున్నర లక్షల డాలర్ల చిల్లర అనుకున్న ఖర్చు దాదాపు పదకొండు లక్షలకు ఎగబాకింది. స్టూడియో పెద్దల మొహాల్లో మాత్రం నవ్వు లేదు.

నవ్వుల పులి... నష్టాల పులి!

మరి సినిమా ఎలా ఆడింది? పడింది!

శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటి ఆట పడ్డాక కొన్ని ఊళ్ళలో బాగానే నడిచింది. న్యూయార్క్‌లో మాత్రం ఫట్! రేడియో సిటీ మ్యూజిక్ హాల్ అనే బ్రహ్మాండమైన థియేటర్లో ఒక్క వారానికే ఎత్తేసి, బెట్టీ డేవిస్ ‘జెజెబెల్’ వేశారు. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు ఫ్రాంక్ నుజెంట్ ఇవన్నీ అరిగిపోయిన పాత జోకులేనని తీసిపారేశాడు. లెక్కలు తేలేసరికి ఆర్.కె.ఓ. సంస్థకు 3,65,000 డాలర్లు నష్టం!

చిరుత దెబ్బనుంచి తప్పించుకున్న హెప్‌బర్న్ బాక్సాఫీసు దెబ్బనుంచి తప్పించుకోలేకపోయింది. 1938 మే నెలలో థియేటర్ యజమానుల సంఘం అధ్యక్షుడు హారీ బ్రాంట్ పత్రికలో ఒక ప్రకటన వేయించాడు. ఫలానా ఫలానా తారలు ‘బాక్సాఫీసు విషం’, వీళ్ళకు స్టూడియోలు లక్షలు పోయడం దండగ అని. ఆ జాబితాలో గ్రెటా గార్బో ఉంది, మార్లీన్ డీట్రిచ్ ఉంది, జోన్ క్రాఫర్డ్ ఉంది. కాథరిన్ హెప్‌బర్న్ కూడా ఉంది. ఆస్కార్ అందుకుని అయిదేళ్ళు కాలేదు!

ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. స్టూడియో వాళ్ళు చేతిలో పెట్టిన చిల్లర వేషం వద్దని, ఎదురు డబ్బు కట్టి కాంట్రాక్టు తెంచుకుంది. హాక్స్‌కీ అదే స్టూడియోలో చుక్కెదురైంది. ఆయన తియ్యవలసిన ‘గంగా దీన్’ను తీసుకెళ్ళి జార్జ్ స్టీవెన్స్ చేతికిచ్చారు. హెప్‌బర్న్ 1939లో బ్రాడ్వే నాటకం ‘ది ఫిలడెల్ఫియా స్టోరీ’లో నటించి గెలిచింది. సినిమా హక్కులు ముందే తన చేతిలో ఉన్నాయి. కోటీశ్వరుడు హోవార్డ్ హ్యూస్ కొనిపెట్టాడు. హాలీవుడ్ ఆమె షరతుల మీదే రావాల్సొచ్చింది. 1940లో సినిమాగా వచ్చి ఘనవిజయం సాధించింది. పక్కన హీరో ఎవరనుకున్నారు? చిరుతంటే వణికిపోయిన మన కారీ గ్రాంటే!

ఇంత మంచి చిత్రం అప్పుడెందుకు పడిపోయింది? హాక్స్ తర్వాత రోజుల్లో పీటర్ బొగ్డనోవిచ్ అనే కుర్ర దర్శకుడికి తన లెక్క చెప్పాడు: అందులో ఒక్కడూ మామూలు మనిషి లేడు, అందరూ పిచ్చివాళ్ళే, తోటమాలి దగ్గర్నుంచి పోలీసు దాకా, అదే తను చేసిన తప్పు అని. పెద్దాయన మాట కాదనలేం గానీ, నాకు మాత్రం ఆ తప్పే ఈ సినిమాకు అందం అనిపిస్తుంది. ఒక్క మామూలు మనిషి అడ్డొచ్చినా ఆ జోరు ఆగిపోయి ఉండేది. ఆ మాట విన్న బొగ్డనోవిచ్ కూడా ఊరుకోలేదు. 1972లో ‘వాట్స్ అప్, డాక్?’ అని బార్బ్రా స్ట్రైసాండ్‌తో ఇదే బాణీలో సినిమా తీసి కాసులు రాల్చుకున్నాడు. అందులో ఎముక బదులు పెట్టెలు, ప్రొఫెసరు మాత్రం ఉన్నాడు. చిరుత లేదు!

హాల్లో పడిపోయిన అసలు చిత్రాన్ని టెలివిజన్ బతికించింది. ఇంట్లో కూర్చుని చూసిన కొత్త తరం పడీ పడీ నవ్వింది. ఫ్రాన్సులో కుర్ర విమర్శకులు హాక్స్‌ని నెత్తిన పెట్టుకున్నారు. 1990లో అమెరికా ప్రభుత్వం కలకాలం భద్రపరచవలసిన చిత్రాల జాబితాలో దీన్ని చేర్చింది. 2000లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎంపిక చేసిన వంద హాస్యచిత్రాల్లో 14వ స్థానం ఇచ్చింది. ఈ గౌరవం చూడటానికి హాక్స్ లేడు, 1977లోనే పోయాడు. గ్రాంట్ 1986లో పోయాడు. హెప్‌బర్న్ ఉంది. నాలుగు ఆస్కార్లు అందుకుని 96 ఏళ్ళు బతికి 2003లో కన్నుమూసింది.

చిరుత పక్షాన ఒక మాట

ఇంతసేపూ హెప్‌బర్న్ ధైర్యం చెప్పుకున్నాం. నిస్సా సంగతి? నెత్తిన కొరడా దెబ్బ తిన్నది అది. గౌను కుచ్చిళ్ళు ఊగితే పిల్లిజాతి చెయ్యవలసిందే అది చేసింది. తప్పు దానిది కాదు, బరువులు కుట్టి దాని ముందు తిప్పినవాళ్ళది. సినిమా షూటింగుల్లో జంతువుల బాగోగులు చూసే ఏర్పాటు అప్పటికి హాలీవుడ్‌లో లేదు. 1939లో ‘జెస్సీ జేమ్స్’ అనే చిత్రం కోసం ఒక గుర్రాన్ని కొండ అంచు నుంచి పడదోస్తే అది చచ్చిపోయింది. జనం మండిపడ్డారు. ఆ తర్వాత 1940లో అమెరికన్ హ్యూమేన్ సంస్థ హాలీవుడ్‌లో ఆఫీసు తెరిచి సెట్ల మీద కన్నేసి ఉంచడం మొదలుపెట్టింది. 1951 నుంచి అదే సంస్థ జంతు నటులకు బహుమతులు కూడా ఇచ్చింది. మొట్టమొదటిది ఫ్రాన్సిస్ అనే ‘మాట్లాడే’ కంచరగాడిద కొట్టేసింది!

మన దగ్గర ‘హాథీ మేరే సాథీ’ (1971)లో ఏనుగులు చేసిన సందడికి దేశమంతా చప్పట్లు కొట్టింది. అందులోనే పులులూ సింహాలూ కూడా కనిపిస్తాయి. ఇప్పుడలా కుదరదు. 1998లో కేంద్రప్రభుత్వం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహాలకు శిక్షణ ఇచ్చి ఆడించడాన్ని నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు అది సబబేనంది. ఈనాడు తెర మీద పులి గాండ్రిస్తే అది కంప్యూటర్లో పుట్టిన పులే. దానికి దెబ్బ తగలదు, హీరోకి చెమట పట్టదు. రెండూ మంచివే.

అయితే ‘బ్రింగింగ్ అప్ బేబీ’ చూసే అవకాశం వస్తే ఆ టెలిఫోన్ దృశ్యం దగ్గర కాస్త కళ్ళు పెద్దవి చేసుకుని చూడండి. హెప్‌బర్న్ ముఖంలో బెదురు ఇసుమంత ఉండదు, గబగబా మాట్లాడేస్తుంటుంది. కానీ కాళ్ళవంక చూడండి. అడుగు ఎంత ఆచితూచి వేస్తోందో!